కుట్టు విప్పిన పడవ

క్రొత్త చీర నడుమ చినుగుట యరుదు. రవికె చినిగినచో చంకక్రింద కుట్టు వెంబడియే చినుగును. సంచి తెగినచో అడుగు మూలయందే తెగును. బట్ట యెంత గట్టిదైనను దాని బలము కుట్టు బలమునకు మించదని సూది పట్టిన ప్రతి గృహిణికిని తెలియును. రవికె కుట్టు విడిపోయినచో నొక నిమిషము సిగ్గుపడి, ఇంటికి వచ్చి మరల కుట్టుకొందుము. నడినీటిలో పడవ కుట్టు విడిపోయినచో సిగ్గుపడుటకైనను వ్యవధి యుండదు.

పడవకు కుట్టేమని సోదరీమణులు ఆశ్చర్యపడవచ్చును. పాశ్చాత్య దేశములందు కయాకు అను చిన్న పడవను పలుచని చెక్కపలకలతో, రాగితీగతో కుట్టి, ఇంటియొద్ద స్వయముగా చేసికొనువారు అనేకులు కలరు. ఒక్కరు కాళ్లు చాచి కూర్చుండి, రెండు కొనలయందును రెక్కలు గల తెడ్డుతో నడపుకొను సన్నని పడవ యిది. దాని అతుకుల బలమును గూర్చి ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇది పురుషుల వినోదము గదా, మన పత్రికలో దీనికి చోటెందుకని యనవలదు. ఈ విద్యకు మూలము స్త్రీల సూదియే. మేము చూచిన యొక పడవను కాపాడినదియు నొక స్త్రీ యడిగిన ప్రశ్నయే.

కయాకు ఉత్తర ధ్రువమునకు సమీపమున, గ్రీన్‌లాండు, ఉత్తర కెనడా, అలాస్కా తీరములందు వసించు ఇన్యూయిట్ మొదలగు జనుల పడవ. మంచునేలపై పెద్ద చెట్లు పెరుగవు. సముద్రము ఒడ్డునకు తెచ్చి పడవేసిన కొయ్యలతో పురుషులు చట్రము కట్టెడివారు. దానిపై సీలు అను నీటిజంతువు తోలును కుట్టి తొడుగుట స్త్రీల పని. జంతువుల స్నాయువుల నుండి తీసిన నారయే వారి దారము. తోళ్ల అంచులను ఒకదానిపై నొకటి వేసి, సూది క్రింది తోలును పూర్తిగా దూరి ఆవలకు రాకుండ, దాని మందములోనే పోయి మరల పైకి వచ్చునట్లు కుట్టెడివారు. ఆ మీదట రెండవ ప్రక్కనుండి రెండవ వరుస. ఏ రంధ్రమును ఈవలనుండి ఆవలకు పోదు గనుక నీరు చొరదు. తడిసిన నార యుబ్బి రంధ్రమును బిగించును. కుట్టుమీద క్రొవ్వు కూడ పూసెడివారు. భర్తయో కొడుకో మంచుగడ్డలు తేలు సముద్రములో వేటకు పోయినపుడు వాని ప్రాణము ఇంటనున్న యిల్లాలి కుట్టుమీదనే యాధారపడియుండెను.

నేటి యింటి కయాకులో తోలునకు బదులు ప్లైవుడ్డు పలక వచ్చినది. పలకలను తీగతో కుట్టి జిగురుతో అతికించు పద్ధతి ఇంగ్లండున 1960 ప్రాంతమున ప్రబలినది. కెన్ లిటిల్‌డైక్ అను నాతడు కయాకుల కొఱకు దీనిని మొదట రూపొందించెనందురు. బి.బి.సి. టెలివిజనులో ఇంటిపనులు నేర్పుచుండిన బారీ బక్‌నెల్, పడవల రూపకర్త జాక్ హోల్ట్ అను వారిద్దరును ఈ పద్ధతిని బట్టియే 'మిర్రర్' అను చిన్న తెరచాప పడవను రూపొందించిరి. 1963లో లండనునందలి డైలీ మిర్రర్ పత్రిక దానిని ప్రచారమునకు తెచ్చినది. వడ్రంగము నెఱుగని గృహస్థుడైనను ఇంటియొద్ద చేసికొనగల పడవ కావలెననియే వారి యుద్దేశము. అట్టి పడవలు 70,000కు పైగా తయారైనవి.

మా అక్కగారి కుమారుడు అమెరికాలో సియాటిల్ నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. వాని నాహ్వానించిన కారణమున ఒక వసంత ఋతువునందు మేమును అక్కగారును అచ్చటికి పోయి కొన్ని వారములుంటిమి. కారు నుంచుకొను కొట్టములో కారు లేదు. అది వానలో తడియుచున్నది. లోపల రెండు కొయ్యకాళ్లపై 17 అడుగుల కయాకు సగము తయారై యున్నది. వాడు సెలవు దినములందెల్ల దానితోనే కాలక్షేపము చేయుచుండెను.

అక్కగారు ముప్పది యేండ్లు బట్టలు కుట్టి, కుట్టుపని నేర్పి, సంసారము నడిపిన మనిషి. ఆమె పలకల చుట్టు తిరిగి పని తీరును శ్రద్ధగా పరికించిరి. పలక మందము 4 మిల్లీమీటర్లు మాత్రమే. 8 అడుగుల పలకలను కొనలు కలిపి పొడవు చేసినాడు. కొనలను మొండిగా ఆనించి యతికించక, మందమునకు ఎనిమిది రెట్లు, అనగా 32 మిల్లీమీటర్ల మేర, వాలుగా చెక్కి, వాలుపై వాలును పెట్టి జిగురు పూసినాడు. అటుపిమ్మట నమూనా కాగితమును బట్టి పొడవైన వంపు పలకలు నాలుగు కోసినాడు.

బల్లపఱుపుగా నుండు పలకలు పడవ యాకారమును ఎట్లు పొందునని మేము అడిగితిమి. వాడు చెప్పకముందే అక్కగారు, "రవికెకు డాట్లు వేసినప్పుడు సాదాగుడ్డ ఉబ్బెత్తుగా రాదా? ఇదియు నంతియే" అనిరి. నిజమే. ఒక వంపు గల అంచును వేఱొక వంపు గల అంచుతో కలిపి లాగినపుడు పలక తనంత తానే వంగును. అంచునకు ఒక సెంటీమీటరు లోపల, నాలుగేసి అంగుళముల కొక రంధ్రము తొలిచి, రాగితీగ ముక్కలను దూర్చి, బయట పురిపెట్టి బిగించవలెను. అడుగుననున్న మూడు అతుకులకును కలిపి నూటయేబదికి పైగా కుట్లు పడినవి. అక్కగారు సంతోషించి, "కచ్చాకుట్టు వంకర లేకుండ వేసినాడు" అని మెచ్చుకొనిరి.

నాలుగు దినములు గడచినవి. తీగలకు నడుమనున్న జాగాలలో కొంచెము కొంచెముగా జిగురు ముద్ద పెట్టి, అది గట్టిపడిన పిమ్మట వాడు తీగలన్నిటిని కత్తిరించి లాగివేయసాగెను. అక్కగారు చూచి నివ్వెఱపోయిరి.

"ఒరే నాయనా, కుట్టంతయు విప్పివేయుచున్నావు. ఇంక దీనిని పట్టియుంచునది యేది?"

ఆమె ప్రశ్నకు కారణము కలదు. మా పుట్టినూరు కోస్తాలో సముద్రపుటొడ్డునందలిది. అచ్చటి జాలరులు తీరమున పెద్దవల వేయుటకు వాడు పడవలలో పలకలను కొబ్బరినార త్రాటితో కుట్టెడివారు. ఇంగ్లీషువారు వానిని మసూలా పడవలనిరి. చెన్నపట్టణమునకు ఓడరేవు లేని కాలమున దూరమున లంగరు వేసిన ఓడలనుండి జనులను, సరకులను ఒడ్డునకు చేర్చినవి యిట్టి పడవలే. కెరటము ఇసుకపైకి విసరి కొట్టినపుడు బిగువుగా మేకులు కొట్టిన పడవ పగులవచ్చును. కుట్టుపడవయో ఒకింత వంగి, సాగి, దెబ్బను ఓర్చుకొనును. అందు కుట్టే ప్రాణము. త్రాడు పాతబడినపుడు దానిని తీసి క్రొత్త త్రాటితో కుట్టుదురే గాని కుట్టు లేకుండ పడవను నీటిలోనికి దింపరు.

"అమ్మా, ఈ తీగ కచ్చాకుట్టని నీవే యంటివి గదా. మిషను కుట్టు పడిన తరువాత కచ్చాకుట్టు దారమును లాగివేయవా? ఇందులో అసలు కుట్టు ఇంక ముందు పడవలసి యున్నది" అని వాడు చెప్పెను.

ఆ అసలు కుట్టేమో మేము తెలిసికొన్నంతవఱకు వివరించెదము.

నాలుగు మిల్లీమీటర్ల పలక అంచు వేఱొక యంచునకు తగులుచోట జిగురు పట్టుటకు గల వెడల్పు నాలుగు మిల్లీమీటర్లే. అంత సన్ననిచోట ఎంత మంచి జిగురైనను ఏమి చేయగలదు? కావున పడవలోపల అతుకు పొడవునను మూడంగుళముల వెడల్పు గల గాజునార పట్టీని పఱచి, ఎపాక్సీ అను జిగురుతో తడిపి యతికింతురు. పట్టీ రెండు పలకలపైకిని చెఱి యొకటిన్నర అంగుళము, అనగా 38 మిల్లీమీటర్లు, వ్యాపించును. జిగురు పట్టు వెడల్పు తొమ్మిది రెట్లకు మించి పెరిగినదన్నమాట. బయటి వైపున అంచును గుండ్రముగా చిత్రికపట్టి, పడవ యడుగు నంతటిని గాజునార బట్టతో కప్పుదురు. అతుకు ఒక ప్రక్కకు వంగబోయినపుడు లోపలి బట్ట సాగుటకు లోనగును. మఱొక ప్రక్కకు వంగబోయినపుడు బయటి బట్ట సాగుటకు లోనగును. గాజునార లాగుడునకు మిక్కిలి ఓర్చునది. కనుక రెండు వైపులను బట్ట యున్నపుడే అతుకు పూర్తి బలము గలదగును. కొనలను ఎనిమిది రెట్లు వాలుగా చెక్కుటలోని రహస్యమును ఇదియే. అతుకు బలము జిగురు ముద్ద పెద్దదగుటలో లేదు, జిగురు పట్టు చోటు విశాలమగుటలో నున్నది.

పట్టీ వేయుటకు ముందు చేయవలసిన దొకటి కలదు. ఎపాక్సీలో మెత్తని కొయ్యపొడిని కలిపి, గట్టి పచ్చడివలె చేసి, రెండు పలకలు కలియు మూలలో నింపి, చెంచా వీపుతో గుండ్రముగా దిద్దవలెను. ఇట్లు చేయనిచో మూల వాడిగా నుండును. గాజునార బట్ట వాడిమూలలో ఒదుగక, క్రింద గాలి నిలిచిపోవును. అదిగాక బరువు పడినపుడు ఒత్తిడి యంతయు వాడిమూలయందే గుమిగూడి అచ్చటనే పగులు పుట్టును. రవికె మెడను వాడిగా కత్తిరించినచో ఆ మూలనే గుడ్డ చినుగుటయు, గుండ్రముగా కత్తిరించినచో నిలుచుటయు మనము ఎఱిగినదే గదా.

పట్టీని నేసిన విధము కూడ ముఖ్యమే. సాధారణముగా నేసిన పట్టీలో సగము పోగులు అతుకు వెంబడి పొడవుగా పోవును. అవి అతుకును దాటవు గనుక దానిని పట్టియుంచుటకు తోడ్పడవు. పోగులన్నియు నలువదియైదు డిగ్రీల వాలుగా నుండు పట్టీయైనచో ప్రతి పోగును ఒక పలకనుండి రెండవ పలకకు దాటును. వంపులమీదను చక్కగా ఒదుగును. ఈ సంగతి వినగానే అక్కగారు, "అయితే క్రాసు పట్టీ అన్నమాట" అని ఒక్క మాటతో తేల్చివేసిరి.

ఇంత విన్న పిమ్మటను ఆమెకు తృప్తి కలుగలేదు. "నీవు చెప్పినదంతయు బాగుగనే యున్నది. నేను క్రొత్తరకపు గుడ్డ వచ్చినపుడు పీలికమీద కుట్టి, రెండు చేతుల లాగి చూచినగాని అసలు బట్టమీద సూది పెట్టను. నీ పీలిక యేది?" అని యడిగిరి.

వానియొద్ద పీలిక లేదు. పడవ లోపల ముందుభాగమున ఒక అతుకునకు పట్టీ వేయుట అప్పటికే పూర్తియైనది. తల్లి మాట తీసివేయలేక వాడు మిగిలిన ముక్కలనుండి రెండింటిని తీసి, పడవకు చేసినట్లే వానిని మూలగా కలిపి, పట్టీ వేసి, వారము దినములు ఆఱనిచ్చెను. ఎనిమిదవనాడు దానిని నేలపై నుంచి, పాదముతో త్రొక్కి విఱుగదీసెను. కొయ్య విఱుగలేదు. గాజునార పట్టీ ఒక ప్రక్క పలకనుండి అరటిపట్టవలె చుట్టుకొని లేచివచ్చినది. క్రింద పలక నున్నగా మెఱయుచున్నది. ఒక్క కొయ్యపీచైనను పట్టీకి అంటుకొని రాలేదు.

వాని ముఖము వెలవెలబోయెను. ఉలితో పడవలోని పట్టీ కొనను మెల్లగా ఎత్తిచూచెను. అదియు నట్లే లేచినది. బయటినుండి చూచుటకు ఆ అతుకు అద్దమువలె నుండెను.

లోప మెచ్చట జరిగినది? పలకలకు వాడు ముందుగా ఎపాక్సీ పూత నొకటి వేసి యుంచెను. చలియు తేమయు గల రాత్రులందు ఎపాక్సీ గట్టిపడునపుడు దానిలోని గట్టిపఱచు ద్రవము కొంత గాలిలోని తేమతోను బొగ్గుపులుసు వాయువుతోను కలిసి, పూత పైని మైనము వంటి సన్నని పొర నేర్పఱచును. కొన్ని రకములలో నిది యెక్కువ. కంటికి సరిగా కనబడదు. వ్రేలితో రాచినచో జిడ్డుగా తోచును. దానిపై వేసిన పట్టీ ఆ మైనమును పట్టుకొనునే గాని పలకను పట్టుకొనదు. విరుగుడు మిక్కిలి సులువు. ఆ పొర నీటిలో కరగును. మంచినీటితో, గిన్నెలు తోము పీచుతో రుద్ది కడిగి, ఆఱనిచ్చి, ఆ తరువాత గరుకుకాగితముతో గీతలు పడునట్లు రాయవలెను. కడుగక ముందే రాచినచో మైనము గీతలలోనికి దిగి మఱింత చెఱుపు చేయును. లేదా మొదటి పూత ఇంకను గోటినొక్కు పడు స్థితిలో నుండగనే పట్టీని వేసినచో రెండును కలిసి యొక్కటియే యగును.

వాడు మూడు దినములు శ్రమపడి ఆ పట్టీని పూర్తిగా గీకివేసి, కడిగి, రాచి, మరల వేసెను. రెండవ పీలికయు తయారైనది. దానిని త్రొక్కగా ఈసారి ప్లైవుడ్డే చీలినది. గాజునారకు కొయ్యపీచులు దట్టముగా అంటుకొని యున్నవి. అక్కగారు ఆ ముక్కను చేతబట్టుకొని వ్రేలితో తడవి చూచి, "ఇప్పుడు కుట్టు పడినది" అనిరి. అతుకును పరీక్షించు కొలతబద్ద యిదియే. అతుకుకంటె ముందు కొయ్య విఱిగినచో అతుకు మంచిది. కొయ్య చెక్కుచెదరక అతుకు ఊడినచో, చూచుట కెంత సొగసుగా నున్నను అది చెడ్డది.

అతుకు చెడుటకు కారణములు మఱికొన్ని కలవు. ఎపాక్సీ రెండు ద్రవముల కలయిక. వాని పాళ్లు తయారుచేయువారు చెప్పినట్లే యుండవలెను. గట్టిపఱచు ద్రవమును ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడునని కొందఱనుకొందురు. అది తోడుచుక్క వంటిది కాదు. మిగిలిపోయిన ద్రవమునకు జోడు దొరకక అతుకు మెత్తగా నిలిచిపోవును. గిన్నె యంచులను, అడుగును గీకుచు చక్కగా కలుపవలెను. ఎక్కువగా కలిపి గిన్నెలోనే యుంచినచో తనలో తాను వేడెక్కి పొగలు గ్రక్కును. కనుక కొంచెము కొంచెముగా కలుపుకొనవలెను. ప్లైవుడ్డు అంచు ఎండిన నేలవలె జిగురును త్రాగివేయును. దానికి ముందుగా పలుచని ఎపాక్సీ పూయక ముద్దను పెట్టినచో అతుకు ఎండిపోవును. గాజునార బట్ట సరిగా తడిసినచో తెలుపుపోయి, క్రింది కొయ్య కనబడును. తెల్లమచ్చ యున్నచోట జిగురు చాలలేదనియో గాలి నిలిచినదనియో తెలియవలెను. అట్లని జిగురు మడుగుగా పోయరాదు. అందువలన బరువు పెరుగునే గాని బలము పెరుగదు. పని ముగిసిన పిమ్మట ఎండకు ఎపాక్సీ చెడకుండ, సూర్యకిరణముల నాపు వార్నీషునో రంగునో పూయుట తప్పదు.

ఇంటిలో ఈ పని జరుగునపుడు గృహిణి గమనింపవలసిన దింకొకటి. ఎపాక్సీ చర్మమునకు పలుమాఱు తగిలినచో కొందఱకు దద్దురులు, దురదలు పుట్టి, ఆపైన జీవితకాలము దాని గాలి సోకినను సహింపని స్థితి కలుగవచ్చును. చేతితొడుగులు లేకుండ దానిని ముట్టరాదు. అంటుకొన్నచో సబ్బునీటితోనే కడుగవలెను. రంగును కరగించు ద్రవములతో తుడిచినచో అవి జిగురును చర్మములోనికే చేర్చును. రాచునపుడు లేచు ధూళిని పీల్చకుండ ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెను. పసిపిల్లలను ఆ ప్రాంతమునకు రానీయరాదు.

పడవ పూర్తియైనది. తూచగా సుమారు 45 పౌనులు, అనగా 20 కిలోలు. దానిలో కొన్ని బిందెల నీరు పోసి, ఇటునటు వంచి, ప్రతి అతుకు వెంబడియు నీటిని నడిపి, బయట చెమ్మ కనబడునేమో యని చూచిరి. కనబడలేదు. మొదట సముద్రమునకు పోక, సమ్మామిష్ అను సరస్సులో ఒడ్డు వెంబడియే నడపవలెనని అక్కగారు ఆనతిచ్చిరి. ప్యూజెట్ సౌండు అను అచ్చటి సముద్రపుపాయలో నీరు ఏడాది పొడవునను ఇంచుమించు 10 డిగ్రీల చల్లదనముననే యుండును. అట్టి నీటిలో హఠాత్తుగా పడినవాని యూపిరి యెగసిపోవును. కొలది నిమిషములలోనే వ్రేళ్లు పట్టు తప్పును. ఎంత ఈతగాడైనను అచ్చట అతుకునే నమ్ముకొని పోరాదు. అందుకనియే కయాకునకు ముందు వెనుకలందు నీరు చొరని అఱలు అమర్చుదురు. ఒకచోట అతుకు విడినను అఱలలోని గాలి పడవను తేల్చియుంచును. తేలుడు చొక్కా తొడిగికొనుట ఎట్లును తప్పనిది.

ఆ యుదయము సరస్సు నిశ్చలముగా నుండెను. వాడు పడవలో కూర్చుండి తెడ్డు వేసెను. మేము ఒడ్డున నిలిచి చూచుచుంటిమి. అక్కగారు మాటలాడలేదు. వాడు అరగంట తిరిగి వచ్చి, పడవను ఒడ్డునకు లాగి, లోపల చేయిపెట్టి చూచి, "పొడిగానే యున్నదమ్మా" అని చెప్పెను. అప్పుడు ఆమె చేతిసంచి తెఱచి, కాగితములో చుట్టియుంచిన రెండు చెక్కముక్కలను బయటికి తీసిరి. అవి విఱుగదీసిన పీలికలు రెండును. "మంచిదానిని పాఱవేసినను వేయుము గాని, ఊడివచ్చిన ముక్కను మాత్రము ఆ కొట్టములో నీ కన్నులెదుట వ్రేలాడగట్టుము" అని వాని చేతికిచ్చిరి.

మన యిండ్లలో కయాకులు చేయువారు అరుదుగా నుందురు. అయినను కొడుకో, మఱిదియో, తమ్ముడో తన చేతులతో ఏదియో యొకటి నిర్మించుచున్నపుడు, ఇది మనకు తెలియని విద్య యని మనము వెనుదీయనక్కఱలేదు. అతుకు ఎక్కడ నున్నదో, దానిని పట్టియుంచునది యేదో, పీలికమీద పరీక్షించితివా యని యడుగుట సూది పట్టిన ప్రతి స్త్రీకిని చేతనైన పని.